బక్కగ ఉన్నోళ్లకు షుగర్ ఎట్ల వస్తది? పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఊబకాయం, నడుము కొలత, దీర్ఘకాలిక జబ్బులపై చర్చ

పల్లె_దవాఖాన (ఎంఎల్‌హెచ్‌పీ, అంటే పల్లె దవాఖానల మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది, దేవరకొండ డివిజన్)

అందరికి నమస్తే. 30 ఏండ్లు దాటినోళ్లకు బీపీ, షుగర్ చూసేటప్పుడు ప్రతి ఊర్ల వినవడే మాట ఒకటే: "నేను బక్కగనే ఉన్న కదా, నాకెందుకు సూది?" ఇంకో దిక్కు లెక్కలు చూస్తే గుండె గుభేలుమంటది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16ల తెలంగాణ మగోళ్లల్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దాటినోళ్లు 24.2 శాతం. 2019–21కి వచ్చేసరికి 32.3 శాతం. ఆడోళ్లల్ల 30.1 శాతం. కానీ 25 కింద ఉన్నోళ్లల్ల కూడ బీపీ, షుగర్ బయటపడుతున్నయి. బరువు తక్కువున్నా జబ్బు ఎందుకొస్తుందో జనానికి అర్థమయ్యేటట్టు చెప్పాలె. దేన్ని కొలవాలె, ఏం తినమనాలె, మందులు వాడేటోళ్లకు ఏ జాగ్రత్త చెప్పాలె? అనుభవం ఉన్నోళ్లు జర వివరంగ రాయుండ్రి.

పాలమూరు_ఫిజీషియన్

మొదట గీత సరిచేసుకుందాం. 25 అధిక బరువు, 30 ఊబకాయం అన్నది ప్రపంచమంతటికీ వేసిన గీత. మన శరీరాలకు 2009లో భారతీయ నిపుణులు ఒప్పుకున్న గీత వేరు: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. నడుము మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటకూడదు.

ఎందుకింత తక్కువ అంటే, అదే బరువులో మనకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బరువుతూకం ఈ తేడాను పట్టలేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం (2023) కూడా ఇదే చెప్పింది. దేశంలో బీఎంఐ ప్రకారం ఊబకాయం 28.6 శాతం, నడుము ప్రకారం 39.5 శాతం. అంటే తూకం చూసి "బాగానే ఉన్నావు" అని పంపేసిన వాళ్లలో చాలామందికి పొట్ట చుట్టూ కొవ్వు ఉంది.

పొట్టలోపల పేగుల చుట్టూ చేరే కొవ్వు చర్మం కింది కొవ్వులాంటిది కాదు. అక్కడినుంచి కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర (పేగుల రక్తాన్ని కాలేయానికి తీసుకెళ్లే నాళం) ద్వారా నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట వినదు. రాత్రంతా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే ఏమీ తినకముందే పొద్దున పరీక్షలో షుగర్ ఎక్కువ వస్తుంది. అదే కాలేయం ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను కూడా ఎక్కువగా వదులుతుంది, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది. మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచడంతో బీపీ ఎక్కుతుంది. షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్ మూడూ ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో కనిపించడానికి కారణం ఇదే.

ఇంకొకటి. కడుపులో ఉన్నప్పుడు సరైన తిండి అందక తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు, పెద్దయ్యాక తిండి పెరిగితే షుగర్‌కు తొందరగా లొంగుతారని హేల్స్, బార్కర్ 1992లో ప్రతిపాదించారు. కరువులూ వలసలూ చూసిన మన జిల్లాలకు ఇది బాగా వర్తిస్తుందని నా అభిప్రాయం. ఆకలి తెలిసిన తరం ఒంటికి ఇప్పుడు మూడు పూటలా అన్నం దొరుకుతోంది, కష్టం తగ్గింది.

సిస్టర్_సూర్యాపేట

నడుము కొలత దగ్గరనే ఎక్కువ తప్పులు జరుగుతయి, కాబట్టి జర వివరంగ రాస్తున్న. బొడ్డు దగ్గర కొలవొద్దు. పొట్ట జారినోళ్లల్ల బొడ్డు కూడ కిందికి జారుతది. పక్కన చెయ్యి పెట్టి ఆఖరి పక్కటెముకను పట్టుకోండి, తర్వాత తుంటి ఎముక పై అంచును పట్టుకోండి. రెండిటి నడుమ సగానికి పెన్నుతో గుర్తు పెట్టండి. టేపు ఆ గుర్తు మీద, ముందు వెనక ఒకే ఎత్తుల ఉండాలె. మనిషి కాళ్ల నడుమ జానెడు ఎడంతోని నిలబడి, మామూలుగ ఊపిరి వదిలిన తర్వాత చదవాలె. "ఊపిరి బిగబట్టు" అనొద్దు, పొట్ట లోపలికి పోతది, నాలుగైదు సెంటీమీటర్లు తగ్గుతది.

చీర కుచ్చిళ్ల మీదికెళ్లి, ధోతి ముడి మీదికెళ్లి కొలిస్తే లెక్క చెడిపోతది. పావడ నాడా వదులు చేయించి, పలచటి బట్ట మీద కొలవండి. గుడ్డ టేపు ఏండ్లకేండ్లు వాడితే సాగుతది. స్టీలు స్కేలు పక్కన పెట్టి అప్పుడప్పుడు సరిచూసుకోండి. రెండుసార్లు కొలిచి, సెంటీమీటరు కన్న ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవాలె.

టేపు లేకపోయినా ఒక దారి ఉంది. దారంతోని ఎత్తు కొలిచి, సగానికి మడిచి, నడుము చుట్టు తిప్పండి. రెండు కొసలు కలవకపోతే నడుము ఎత్తుల సగం దాటినట్టే. చదువు రానోళ్లకు ఇది తొందరగ అర్థమైతది.

పల్లె_దవాఖాన

సిస్టర్ అక్కా, దారం ముచ్చట మస్తు పనికొస్తది. ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారంల (జబ్బుల ముప్పు అంచనా వేసే కాగితం) మగోళ్లకు నడుము 91–100 సెం.మీ. ఉంటే 1 మార్కు, 100 దాటితే 2. ఆడోళ్లకు 81–90కి 1, 90 దాటితే 2. వయసు, పొగాకు, తాగుడు, వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఇంట్ల ఎవరికన్న జబ్బున్నదా అన్నవి కలిపి మొత్తం 4 దాటితే ముందుగాల వాళ్లను పిలవాలె. నడుము అంచనాతోని రాస్తే ఈ లెక్కంత వృథా. ఇగ తిండి సంగతి ఎవరన్న చెప్పుండ్రి.

పోషకాహార_నిపుణురాలు_ఎన్ఎల్‌జీ

అన్నాన్ని తిట్టడం కంటే లెక్క చూడడం మేలు. జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం బరువు పని చేసే మగవాడికి రోజుకు 3,470 కిలోకేలరీలు కావాలి, కూర్చుని పని చేసేవాడికి 2,110. ఆడవాళ్లకు 2,720, 1,660. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది, కోతకు హార్వెస్టర్ వచ్చింది, పొలానికి బండి మీద పోతున్నారు. ఒంటికి కావలసింది వెయ్యికి పైగా తగ్గింది. కంచంలో అన్నం కుప్ప మాత్రం తాత తిన్నంతే ఉంది.

రేషన్ మీద మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కిలోకేలరీలు. ఇది ఎక్కువేమీ కాదు. చాలా ఇళ్లలో పెద్దమనిషి తినేది దీనికి రెట్టింపు. 400 గ్రాముల బియ్యంలో 1,400 కిలోకేలరీలకు పైనే ఉంటాయి, పిండి పదార్థమే 300 గ్రాములు దాటుతుంది. దాని పక్కన పచ్చిపులుసు, తొక్కు మాత్రమే ఉంటే మాంసకృత్తులు లేనట్టే. రెండు గంటల్లో మళ్లీ ఆకలి, మళ్లీ చాయ్, బిస్కెట్.

చెప్పాల్సింది ఇలా చెప్పండి. 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు నిండా బియ్యం సుమారు 170 గ్రాములు. కూర్చుని పని చేసే పెద్దమనిషికి రోజు మొత్తానికి ఒక గ్లాసు చాలు, అదీ రెండు పూటలకు. మిగిలిన కడుపు కూరతో నిండాలి: ఆనిగెపుకాయ, బీరకాయ, చిక్కుడు, పుంటికూర, తోటకూర. అన్నానికి సమానంగా కూర పెట్టుకోవాలి. పూటకు 30 గ్రాముల కందిపప్పు (ఉడికాక చిక్కటి పప్పు ఒక కప్పు) లేదా ఒక గుడ్డు తప్పనిసరి, ఏదైనా 6–7 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది. నీళ్లలా చేసిన పప్పుచారును పప్పు కింద లెక్కేయకండి. ముందు కూర, పప్పు సగం తిని తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగర్ అంతగా ఎగబాకదు.

నూనె విషయంలో "తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు, డబ్బా లెక్క చెప్పాలి. నలుగురున్న ఇంట్లో 5 లీటర్ల డబ్బా నెలకు అయిపోతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు పడుతున్నట్టు. దాన్ని 20 గ్రాములకు తేవాలంటే నెలకు రెండున్నర లీటర్లకు కొంచెం పైన. కొత్త డబ్బా మీద తెరిచిన తారీఖు రాసిపెడితే ఇంట్లో అందరికీ కనబడుతుంది. చాయ్‌లో చెంచా చక్కెర 5 గ్రాములు. రెండు చెంచాల చొప్పున నాలుగు చాయ్‌లు తాగితే 40 గ్రాములు, 160 కిలోకేలరీలు. చక్కెర ఒక్కసారిగా మానిపించకండి. రెండు వారాలకు అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

జొన్నచేను (నారాయణపేట)

అక్కా, లెక్కలన్నీ మంచిగున్నయి. కానీ అసలు మాట పక్కకు పోతున్నది. పాలమూరోళ్లు జొన్నరొట్టె, గటక, అంబలి తిన్నన్ని దినాలు ఈ రోగాలు లేకుండె. కాల్వ నీళ్లొచ్చినకాడ వరి, రాని కాడ పత్తి. జొన్న ఏసేటోడు లేడు. అన్నం మాని రొట్టె తింటే సగం రోగం పోతది. గ్లాసులు, గ్రాములు ఎందుకు?

పోషకాహార_నిపుణురాలు_ఎన్ఎల్‌జీ

జొన్న మంచిదే అన్నా, ఆ మాట కాదనను. వంద గ్రాముల జొన్నలో పీచు 10 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపు. మాంసకృత్తులు 10, బియ్యంలో 8. కానీ శక్తి చూడండి: జొన్న 334, బియ్యం 356 కిలోకేలరీలు. తేడా చాలా తక్కువ. ఒక మామూలు రొట్టెకు 65 గ్రాముల పిండి పడుతుంది, సుమారు 215 కిలోకేలరీలు. మూడు రొట్టెలు తిని, మళ్లీ ఆఖరికి పెరుగన్నం తినే ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ జొన్న అన్నం బదులు రావడం లేదు, అన్నం మీద అదనంగా వస్తోంది. ఆ కాలంలో జొన్నతో పాటు రోజంతా వంగి పని చేసే ఒళ్లు కూడా ఉండేది.

రాత్రి పూట రెండు రొట్టెలు, పప్పు లేదా కూర, అన్నం లేకుండా: ఇక్కడినుంచి మొదలుపెట్టమనండి. ఒక్కసారిగా మూడు పూటలూ మారిస్తే కడుపు ఉబ్బి నాలుగో రోజు మానేస్తారు. పిండిని బాగా సన్నగా పట్టించి జావ కాస్తే తొందరగా అరిగిపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకు జావ కన్నా రొట్టె నయం. పిండి పాతబడితే రొట్టె విరుగుతుంది, కాబట్టి పది రోజులకు సరిపడానే పట్టించుకోవాలి. మసలే నీళ్లు పోసి కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడే మర్దించాలి.

జొన్నచేను

బదులు తినాలె, మీద తినొద్దు. ఈ మాట ఒప్పుకుంటున్న. అయినా సర్కారు సన్నబియ్యంతో పాటు జొన్నలు కూడ రేషన్ల ఇయ్యాలెనని నా పట్టు. కొనుక్కోవాల్నంటే కిలో జొన్నపిండి ధర కూలి చేసుకునేటోళ్లకు అందుతలేదు.

ల్యాబ్_బాబు_మిర్యాలగూడ

పరీక్షల గురించి రెండు మాటలు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వస్తే షుగర్‌కు ముందు దశ, 6.5 నుంచి షుగర్. ఖాళీ కడుపుతో 100–125 ముందు దశ, 126 నుంచి షుగర్. కానీ మన దగ్గర సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువై ఉంటే హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ మధ్యే రక్తం ఎక్కించినా, ఎక్కువ రక్తం పోయినా తక్కువ చూపిస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్ చూడకుండా ఒక్క హెచ్‌బీఏ1సీతో తేల్చకండి. అనుమానం ఉంటే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించాలి: రాత్రి 8 గంటలు ఏమీ తినకుండా, 250–300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీయాలి. 140–199 ముందు దశ, 200 నుంచి షుగర్. ఆ రెండు గంటలు ఊర్లో తిరిగి రాకుండా కూర్చోబెట్టాలి, నడిస్తే విలువ తగ్గుతుంది. తాగింది వాంతి అయితే ఆ రోజు పరీక్ష లెక్కలోకి రాదు.

ఫ్యాటీ లివర్ అని స్కాన్‌లో రాగానే కొందరు భయపడతారు, కొందరు పట్టించుకోరు. కాలేయం గట్టిపడుతోందా అన్నదే అసలు ప్రశ్న. దానికి ఫిబ్-4 లెక్క ఉంది. వయసును ఏఎస్‌టీతో గుణించాలి (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ రక్తపరీక్షలో చూసే కాలేయ ఎంజైములు). ప్లేట్‌లెట్లను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఉదాహరణకు వయసు 48, ఏఎస్‌టీ 52, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు. 48×52 = 2,496. 64 వర్గమూలం 8; 180×8 = 1,440. భాగిస్తే 1.73. ప్లేట్‌లెట్లను వేలల్లో (180) వేయాలి. 1.8 అని వేస్తే జవాబు వంద రెట్లు వస్తుంది, ఈ పొరపాటు చాలా చోట్ల చూస్తాం. 1.3 లోపు అయితే ప్రస్తుతానికి భయం లేదు. 2.67 దాటితే కాలేయ నిపుణుడి దగ్గరకు. నడుమ వస్తే ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో చూసే స్కాన్). 65 దాటినవాళ్లకు కింది గీత 2.0.

పాలమూరు_ఫిజీషియన్

బాగా చెప్పారు. బరువు ఎంత తగ్గాలో కూడా లెక్కతోనే చెప్పాలి. 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7–10 శాతానికి వాపు తగ్గుతుంది, గట్టిపడడం వెనక్కి రావాలంటే 10 శాతం కావాలి. అమెరికాలో 2002లో వచ్చిన డీపీపీ (షుగర్ నివారణ) అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు పెద్దగా తగ్గకపోయినా తిండి, నడక మార్పులతోనే 28.5 శాతం తగ్గింది. కాబట్టి "తూకం కదలట్లేదు" అని మానేయబోయేవాళ్లకు ఈ రెండో లెక్క చెప్పండి. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే 5.6 కిలోలు. వారానికి అర కిలో చొప్పున మూడు నెలల పని.

ఫిజియో_మునుగోడు

"నడవండి" అనడం తేలికే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగిసిపోయిన పెద్దవాళ్లకు అది ఎట్లా కుదురుతుంది? మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, ఎప్పుడో పట్టుకున్న వెన్ను, మోకాళ్లు తిరిగి రావు. నొప్పితో కదలరు, కదలక పొట్ట పెరుగుతుంది, ఆ బరువు మళ్లీ మోకాలి మీదే పడుతుంది. ఒక కిలో బరువు తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

వీళ్లకు కుర్చీ వ్యాయామాలు చెప్పండి. గోడకు ఆనించిన, చేతులున్న కుర్చీ కావాలి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. లేచి కూర్చోవడం 8–10 సార్లు, కాసేపు ఆగి మళ్లీ, మొత్తం మూడు విడతలు. లేవలేకపోతే కుర్చీ మీద మందపాటి బొంత మడిచి వేస్తే ఎత్తు పెరుగుతుంది. కూర్చుని ఒక కాలు చాచి ఐదు లెక్కపెట్టి దించాలి, కాలికి పదిసార్లు. గోడకు చేతులు ఆనించి నెట్టడం పదిసార్లు. వారంలో మూడు రోజులు చాలు, మధ్యలో ఒక రోజు విరామం ఉండాలి. మాట్లాడగలిగేంత ఆయాసం పర్వాలేదు, మాట ఆగిపోతే ఆపాలి. కాళ్లు తిమ్మిర్లెక్కి బలహీనపడుతున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా అది వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు. ముందు దవాఖానకు పంపండి, వ్యాయామం తర్వాత.

నడవగలిగినవాళ్లు తిన్న తర్వాత 10–15 నిమిషాలు నడిస్తే షుగర్‌కు బాగా పనిచేస్తుంది. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపే. షుగర్ ఉన్నవాళ్లు చెప్పులు లేకుండా పొలం గట్ల మీద నడవొద్దు.

మందులషాపు_కోదాడ

ఫిజియో గారి మాటకు ఒక హెచ్చరిక కలుపుతాను. మోకాళ్ల నొప్పులకు పొట్లంలో కట్టిచ్చే పేరులేని మాత్రల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. రెండు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి పెరుగుతుంది. నెలల్లో ముఖం గుండ్రమై, చేతులు కాళ్లు సన్నబడి, పొట్ట మీద ఊదారంగు చారలొస్తాయి, షుగర్ ఎక్కుతుంది. అట్లాంటి ఒళ్లు కనబడితే తిండి గురించి చెప్పేముందు ఏ మాత్రలు వాడుతున్నారో అడగండి. చాలాకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది, డాక్టర్ చూసుకుంటూ మెల్లగా తగ్గించాలి. డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది. బీపీకి టెల్మిసార్టన్, దానితో నీరు తీసే మాత్ర వాడుతూ వీటిని కలిపితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఎండాకాలంలో మరీనూ.

చింతపల్లి_టీచర్

అన్నం పూర్తిగా మానేసి నూనె, మాంసం మీదనే ఉండే డైట్లు, ఒక్కపూట భోజనాలు ఊళ్లలో బాగా నడుస్తున్నాయి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా మొదలుపెడుతున్నారు. ప్రమాదం ఏమైనా ఉందా డాక్టర్ గారూ? బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా చెప్పండి.

పాలమూరు_ఫిజీషియన్

ఉంది, పెద్దదే. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర, లేదా ఇన్సులిన్, తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటుంది. పాత మోతాదు మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగర్ 70 కిందికి పోతుంది: చెమటలు, వణుకు, మాట తడబడడం, స్పృహ తప్పడం. మెట్‌ఫార్మిన్ అనుకుని వేసుకునే మాత్రలో గ్లిమిపిరైడ్ కూడా కలిసి ఉండడం మామూలే, అట్ట వెనక చదవండి. స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చాక్లెట్ వద్దు, దాంట్లో కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతూ పిండి పదార్థం పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు పెరిగి విషమవుతుంది. అప్పుడు షుగర్ 200 లోపే ఉండి మోసం చేయొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస ఉంటే వెంటనే పెద్ద దవాఖానకు పంపాలి. తిండి తగ్గించాలనుకునే ముందే మందు మోతాదు సరిచేయించుకోవాలి.

ఇంజెక్షన్లు పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్ ప్రయోగాల్లో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. కానీ మాంసకృత్తులు తినకుండా, కండల వ్యాయామం లేకుండా వాడితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అసలే కండ తక్కువున్న మన ఒళ్లకు అది పెద్ద నష్టం. ఆపితే పోయిన బరువులో చాలా భాగం తిరిగొస్తుంది. ఇంట్లో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు వాడకూడదు, క్లోమం వాచినవాళ్లకు మామూలుగా ఇవ్వరు. డాక్టర్ లేకుండా షాపులో కొనుక్కుని పొడుచుకునే మందు కాదు.

సిస్టర్_సూర్యాపేట

ఒక గుంపును మనం మరిచిపోతున్నం. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పయినాక "తగ్గిపోయింది" అని వదిలేసినోళ్లు. కాన్పు తర్వాత ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష తప్పకుండ చేయాలె. మామూలుగ వచ్చినా ఏడాదికోసారి చూడాలె.

పల్లె_దవాఖాన

అక్కా, ఆరు వారాలకు బిడ్డకు మొదటి పెంటా టీకా ఉంటది కదా. తల్లి ఎట్లాగూ బిడ్డనెత్తుకుని వస్తది. ఆ బుధవారమే పరగడుపున రమ్మని ముందే ఏఎన్ఎంతో చెప్పిస్తే రెండు పనులు ఒక్కసారే అయితయా? పాలిచ్చే తల్లి పరగడుపున ఉండొచ్చునా?

సిస్టర్_సూర్యాపేట

అయితయి. రాత్రి తిండి తొమ్మిదింటికి తినిపించి, పొద్దున ఏడింటికల్ల రమ్మనుండ్రి. మంచినీళ్లు తాగొచ్చు, పాలియ్యొచ్చు, ఏం కాదు. గ్లూకోజ్ తాగించినాక బిడ్డకు టీకా వేసి, అరగంట చూసి, తల్లిని అక్కడ్నే కూర్చోబెట్టండి. రెండో రక్తం తీసినాక తినడానికి ఇంటి నుంచే ముందుగాల ఏమన్న కట్టుకొని రమ్మనండి. ఆకలికి ఆగలేక మధ్యల వెళ్లిపోతే పరీక్ష పోయినట్టే.